పార్కు చేసినవారికే పార్కు

మా నగరానికి సర్వజన ఉద్యానవనం ఒక గర్వకారణం. ఈ మాట నేనే రాశాను. నగర ఉద్యానవన మండలిలో పత్రికా ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. పచ్చదనం, పరిశుభ్రత, పరవశం అనే మూడు మాటలూ లేకుండా ఇంతవరకు ఒక్క ప్రకటన కూడా నా బల్ల దాటి పోలేదు.

ఈ గర్వకారణం ఊరికి చాలా దూరంలో, వలయ రహదారి పక్కన ఉంది. అంత దూరం ఎందుకని ప్రారంభోత్సవం నాడు ఒక విలేకరి అడిగాడు. "ఊళ్లో ఉంటే జనం వచ్చి పాడుచేస్తారు కదా" అని మా సంచాలకులు విరూపాక్షం గారు సెలవిచ్చారు. అంత ముందుచూపు ఉన్న మనిషి కింద పనిచేయడం నా అదృష్టం.

నిజానికి నడిచి వచ్చేవాళ్ల కోసం మొదట ఒక చిన్న గేటు పెట్టాం. అయితే వలయ రహదారి మీద నడవడం నిషేధం. నిషేధించిన పని చేసి వచ్చేవాళ్లకు గేటు తీసి పెడితే నేరాన్ని ప్రోత్సహించినట్టవుతుందని మా న్యాయ విభాగం అభ్యంతరం చెప్పింది. దాంతో ఆ గేటుకు గోడ కట్టి, గోడ మీద రెండు నెమళ్ల బొమ్మలు వేయించాం. చూడ్డానికి బాగానే ఉంటాయి.

ఇక మిగిలింది బండ్లు నిలిపే స్టాండు గేటు. అక్కడ బండి పెడితే టోకెన్ ఇస్తారు, ఆ టోకెన్ చూపిస్తే లోపలికి పంపిస్తారు. ఈ సంగతి జనానికి సులువుగా తెలియాలని విరూపాక్షం గారు స్వయంగా ఒక వాక్యం రచించి పెద్ద బోర్డు రాయించారు: "పార్కు చేసినవారికే పార్కు."

"ఒకే మాట, రెండు అర్థాలు. దీన్నే యమకం అంటారు" అని ఆయన ఆ బోర్డు ముందు నిలబడి మురిసిపోయారు. నేను ఫొటో తీశాను. ఆయనకు ఛందస్సు, అలంకారాలు బాగా వచ్చు. చెట్ల సంగతి అంతగా తెలియదు, అయినా ఆ ఉద్యోగానికి అది తప్పనిసరి కాదు.

కార్తీకమాసం వచ్చింది. ఒక ఆదివారం నేను గేటు దగ్గర ఫొటోల పని మీద ఉండగా రోడ్డు మీద ఒక షేర్ ఆటో ఆగింది. అందులోంచి మేకలబండ బస్తీ ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ, గిన్నెలు పట్టుకుని దిగారు. ఆటో వెళ్లిపోయింది. అందరికంటే ముందు నడుస్తున్న పెద్దావిడ పేరు పోశవ్వ. బక్కపలచటి మనిషి. ఒక మోకాలికి పాత గుడ్డ గట్టిగా చుట్టుకుని ఉంది.

గేటు దగ్గర గార్డు జంగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండేది?"

"ఆటోల వచ్చినం. దించి పోయిండు" అంది పోశవ్వ.

"పోతే ఎట్ల? పార్కు జేస్తెనే పార్కు. బోర్డు సూడు."

"ఆటో మాది గాదు గద నాయనా."

"ఎవలిదైతే నాకేంది? నాకు బండి గావాలె, మీకు టోకెన్ గావాలె. గంతే."

పోశవ్వ గిన్నె కింద పెట్టి, చేతులు తిప్పుతూ చెప్పింది. "గీ పార్కు కట్టేటప్పుడు నేను కూలికొచ్చిన బిడ్డా. గా లోపలున్న ఉసిరి చెట్టు నా సేతుల మీద నాటిన. అప్పుడు నా మోకాలంత గూడ లేకుండె. ఇప్పుడు కాయలు గాస్తున్నదంట. కార్తీకం పోకముందే దాని కింద గూసోని ఒక్క పూట బువ్వ తినాలె. గంతే నా ఆశ. ఒక్క ఆకు గూడ తెంపం."

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం చేయాలని ఎవరికి ఉండదు? నాకు మనసంతా ఒకలా అయింది. కానీ నా మనసు ఒకలా అయినంత మాత్రాన మండలి నియమం ఇంకోలా అవుతుందా? జంగయ్య కూడా చెట్టు వైపు చూసి, బోర్డు వైపు చూసి, చెయ్యి దించకుండానే నిలబడ్డాడు. ఆడవాళ్లు గోడ మీది నెమళ్ల పక్కన, మట్టిలో కూర్చుని తినేసి, ఎవరో లారీవాణ్ణి బతిమాలుకుని వెళ్లిపోయారు.

మరుసటి ఆదివారం వాళ్లు బండితోనే వచ్చారు. బస్తీలో ఉల్లిగడ్డలు అమ్మే సాయమ్మ తోపుడుబండి అది. పోశవ్వను పైన కూర్చోబెట్టుకుని ఆ దూరమంతా ఎట్లా తోసుకొచ్చారో నాకు తెలియదు. దారిలో ట్రాఫిక్ పోలీసు ఆపాడట. నడవడం నిషేధం అన్నాడట. మేం నడుస్తలేం, బండి నడుపుతున్నం అందట సాయమ్మ. అతను టోపీ తీసి తల గోక్కుంటూ ఉండగానే వీళ్లు దాటేశారు.

జంగయ్య తోపుడుబండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. చక్రాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఫోను తీసి విరూపాక్షం గారికే చేశాడు.

"సార్, నాలుగు చక్రాలున్నయ్."

"నాలుగు చక్రాలుంటే కారు. అందులో ఇంకా అడిగేదేముంది?" అన్నారు ఆయన అటునుంచి. స్పీకరులో అందరం విన్నాం.

"కారే" అని జంగయ్య ఆడవాళ్లతో గంభీరంగా చెప్పాడు. "రివర్సుల పెట్టున్రి. పక్క కారుకు తాకిస్తే మీదే జిమ్మేదారి." వాళ్లు ఉల్లిపొట్టు రాలుస్తూ తోపుడుబండిని రెండు పెద్ద కార్ల మధ్య వెనక్కి పెట్టారు. నేను చూసినవాళ్లలో అంత చక్కగా బండి పెట్టినవాళ్లు తక్కువ. టోకెన్ చేతికొచ్చింది. అందరూ లోపలికి కదిలారు. అప్పుడు జంగయ్య మళ్లీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"కారుకు అయిదుగురే."

వాళ్లు ఆరుగురు. ఆరో మనిషి పోశవ్వ.

మేమంతా బయటే ఉంటాం, నువ్వొక్కదానివే పో అత్తా అని వాళ్లు పట్టుబట్టారు. ఆవిడ ఒప్పుకోలేదు. "బండి దోసి దోసి మీ రెక్కలు పడిపోయినయ్. మీరు వోన్రి. నా చెట్టు ఎట్లున్నదో సూసి నాకు జెప్పున్రి" అని వాళ్లను పంపించి, తాను గోడ బయట నిలబడింది. కాసేపటికి లోపలినుంచి సాయమ్మ కేక వినిపించింది.

"అత్తా! కాయలు గోలీలంత ఉన్నయే!"

"కొమ్మలు వంగినయా?" అని పోశవ్వ గోడ ఇవతలినుంచి అరిచింది.

"వంగినయ్!"

"పురుగు వట్టిందా?"

"లేదే! మంచిగున్నది!"

ఆ సంభాషణ అట్లా గోడ మీదుగా నడిచింది. వాకింగుకు వచ్చిన ఒక పెద్దమనిషి తన ప్రాణాయామానికి భంగమని ఫిర్యాదు చేశాడు కూడా. నేను ఆఫీసుకు వెళ్లి ప్రకటన రాశాను: "బడుగువర్గాల్లో కార్ల వెల్లువ: పార్కుకు పరవశంతో పోటెత్తిన మహిళలు."

ఆ ప్రకటన చూసి పైవాళ్లు ఒక ప్రశ్న వేశారు. కార్లున్నా ఈ వర్గాలు పార్కుకు ఎందుకు తక్కువగా వస్తున్నాయి? విరూపాక్షం గారు వెంటనే సమావేశం పెట్టారు. సమోసాలు వచ్చాయి. సమోసాల తర్వాత కారణం కూడా దొరికింది.

"వారిలో పార్కింగు సంస్కారం లోపించింది" అని ఆయన తేల్చారు. "తరతరాలుగా వాహనాన్ని నిలిపి ఎరగని సమాజం. ఒక్కసారిగా ఉద్యానవనం ఇస్తే ఏం చేసుకుంటారు? ముందు నిలపడం నేర్పాలి."

అట్లా మేకలబండ బస్తీలో పార్కింగు అవగాహన సదస్సు జరిగింది. సందులోకి కారు పట్టదు కాబట్టి కారుకు బదులు ఒక ప్లాస్టిక్ కుర్చీ, స్టీరింగుకు బదులు ఒక స్టీలు పళ్లెం పెట్టాం. శిక్షకుడు కుర్చీలో కూర్చుని, పళ్లెం అటూ ఇటూ తిప్పుతూ, మెడ వెనక్కి వంచి, రెండు ఇళ్ల మధ్య ఉన్న సందులోకి కుర్చీని ఈడ్చుకుంటూ వెళ్లి చూపించాడు. బస్తీ జనం మహా శ్రద్ధగా చూశారు. చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాం. సాయమ్మ నోటితో హారను కూడా కొట్టింది. చూసేవాళ్లంతా పకపకా నవ్వారు, మావాళ్లు అది ఉత్సాహం అనుకున్నారు.

పోశవ్వ మాత్రం కుర్చీ ఎక్కలేదు. చేతులు కట్టుకుని విరూపాక్షం గారి ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, గీ కుర్సీలెందుకు? ఒక బస్సు వెయ్యున్రి. పొద్దుగాల దించి, పగటీలి ఎక్కించుకపోతె సాలు."

"బస్సు మా పరిధిలోకి రాదమ్మా" అన్నారు విరూపాక్షం గారు. అదృష్టంకొద్దీ బస్సుల శాఖ అధికారి కూడా వేదిక మీదే ఉన్నాడు. ఆయన మైకు అందుకున్నాడు.

"ప్రయాణికులు నిరీక్షించే చోటే మేము స్టాపు ఏర్పాటు చేస్తాం. క్షేత్రస్థాయిలో పరిశీలించాం. ఆ పార్కు దగ్గర బస్సు కోసం ఎవరూ నిరీక్షించడం లేదు."

"బస్సే రాని కాడ బస్సు కోసం ఎవలు నిలవడ్తరు సారూ?"

"మేమూ అదే అంటున్నాం" అని ఆయన సంతోషంగా కూర్చున్నాడు.

పోశవ్వ మళ్లీ విరూపాక్షం గారి వైపు తిరిగింది. "మరి చెట్లు నాటేటప్పుడు లారీ వస్తుండె గద. గీ గల్లి మొగదల్ల ఆగి, హారన్ గొట్టి, అందర్ని ఎక్కించుకపోతుండె. పొద్దు గూకినంక మల్ల ఈన్నే దించుతుండె. గా లారీ ఏమాయె?"

"లారీ ఉంది" అన్నారు విరూపాక్షం గారు ఓపికగా. "అప్పుడు మీరు కూలీలు. ఇసుక, ఎరువు, మొక్కలు, కూలీలు, ఇవన్నీ సామగ్రి పద్దు కిందికి వస్తాయి. ఇప్పుడు మీరు సందర్శకులు. సందర్శకులను సరుకు లారీ ఎక్కించడం వారి గౌరవానికి భంగం. మీ గౌరవాన్ని మేము కంటికి రెప్పలా కాపాడుతున్నాం."

"మా గౌరవం సల్లగుండ. నడవనీకి నాకు మోకాలు వస్తలేదు సారూ."

ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది, అది నాకు అస్సలు నచ్చలేదు. కోపమైతే ప్రకటనలో "ఉత్సాహం" అని రాసుకోవచ్చు. అలసటను ఏమని రాయాలి?

అయితే విరూపాక్షం గారు చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. వాహనం లేకపోవడమే అడ్డంకి అయితే వాహనం మండలే ఇస్తుంది అని నిర్ణయించారు. మూలపడ్డ ఒక పాత స్కూటరు తెప్పించారు. దానికి ఇంజను లేదు. గేటుకు ఇవతల దాన్ని నిలబెట్టి "ప్రవేశ వాహనం" అని రాయించారు. బండి లేని సందర్శకుడు దాని మీద కూర్చోవాలి. ఎవరైనా తోయాలి. గేటు దాటి స్టాండులో పెట్టి టోకెన్ తీసుకోవాలి. ఆపైన జంగయ్య దాన్ని తోసుకుంటూ మళ్లీ బయటికి తెచ్చి తర్వాతి సందర్శకుడికి ఇవ్వాలి. హెల్మెట్ తప్పనిసరి.

మూడో ఆదివారం దానికి ఘనంగా ప్రారంభోత్సవం జరిగింది. వాహనపూజ చేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బూడిదగుమ్మడికాయ తిప్పి కొట్టారు. అన్నీ ఉన్నాయి, బస్తీవాళ్లు తప్ప. వలయ రహదారి మీద ఆగే ఆటోలను పట్టుకోమని ఆ వారమే ఇంకో శాఖ ఉత్తర్వు ఇచ్చిందట. ఒక్క ఆటో కూడా వాళ్లను ఎక్కించుకోలేదు. ముహూర్తం మించిపోతుంటే విరూపాక్షం గారే హెల్మెట్ పెట్టుకుని స్కూటరు మీద కూర్చున్నారు. నేను తోశాను. ఆయన చెయ్యి ఊపుతూనే గేటు దాటారు. నిమ్మకాయ మీద చక్రం ఎక్కినప్పుడు కొంచెం జారాం, అంతే. జంగయ్య టోకెన్ ఇచ్చాడు. ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ పడింది, అందులో నేను కనిపించింది చేతుల వరకే.

ఇక కార్తీకంలో ఆఖరి ఆదివారం మిగిలింది. సరిగ్గా ఆ రోజే "అత్యంత అందుబాటు ఉద్యానవనం" అనే పురస్కారం కోసం రాజధాని నుంచి పరిశీలన సంఘం వస్తున్నట్టు కబురొచ్చింది. మండలిలో ఎక్కడివాళ్లక్కడ పరుగులు పెట్టారు. నెమళ్లకు మళ్లీ రంగు వేశారు. అప్పుడు ఎవరో గమనించారు, ఉసిరి చెట్టు చుట్టూ ఉన్న పచ్చిక నిండా తుంగ మొలిచిపోయి ఉంది, గడ్డ నేలలో మిగిలితే మళ్లీ మొలిచే మొండి జాతి.

"కలుపు!" అని విరూపాక్షం గారు గుండె పట్టుకున్నారు. "వెంటనే కూలీలను పిలిపించండి!"

కూలీలంటే సామగ్రి. సామగ్రికి లారీ ఉంది. ఆదివారం పొద్దున్నే లారీ వెళ్లి మేకలబండ బస్తీ గల్లీ మొగదల ఆగి హారన్ కొట్టింది. అందరికంటే ముందు ఎక్కింది పోశవ్వ. ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో బువ్వ గిన్నె.

లారీ స్టాండులో ఆగింది. జంగయ్య టోకెన్ ఇచ్చాడు. ఎంతమంది అని కూడా అడగలేదు, సరుకును ఎవరు లెక్కపెడతారు? పోశవ్వ కిందికి దిగి, కుంటుకుంటూ తిన్నగా చెట్టు దగ్గరికి వెళ్లి, దాని మొదలు మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంది. పైన కొమ్మల నిండా ఉసిరికాయలు వేలాడుతున్నాయి. నా కళ్లు చెమ్మగిల్లాయి. ఎండ అనుకున్నాను మొదట, కాదు.

"ఏయ్, చెట్టు కాడ ఏం పని? కలుపు దియ్యి" అని మేస్త్రీ కేకేశాడు. "బువ్వ స్టాండు ఎనక దినాలె. కూలోళ్లు గడ్డి మీద గూసోవద్దు." ఆవిడ చెట్టు మీది చెయ్యి తీసి, వంగి, పని మొదలుపెట్టింది.

పరిశీలన సంఘం వచ్చింది. అధ్యక్షురాలు చుట్టూ చూశారు. ఎండ ముదిరాక కార్లవాళ్లెవరూ లేరు. అంత పెద్ద పార్కులో ఒక్క నరపురుగు లేదు.

"ప్రజలు ఏరండీ?" అన్నారు ఆవిడ.

విరూపాక్షం గారు ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత చెయ్యి చాపి, కలుపు తీస్తున్న ఆడవాళ్లను చూపించారు. "అరుగో. బడుగువర్గాల సందర్శకులు."

అధ్యక్షురాలు గబగబా పోశవ్వ దగ్గరికి వెళ్లారు. "ఏమ్మా, ఇంత దూరం ఎలా వచ్చారు?"

"లారీల వచ్చినం అమ్మా. కలుపు దియ్యనీకి దెచ్చిండ్రు."

విరూపాక్షం గారి ముఖం పాలిపోయింది. కానీ అధ్యక్షురాలి ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం! ఇంటి దగ్గరినుంచి వాహనం! పైగా సందర్శకులే స్వయంగా కలుపు తీస్తున్నారు! అందుబాటు, శ్రమ, ప్రకృతితో మమేకం, మూడూ ఒకేచోట! దేశంలో ఇంకెక్కడా చూడలేదు నేను. ఈ విధానానికి పేరేమిటి?"

"శ్రమదాన సందర్శనం" అన్నారు విరూపాక్షం గారు, రెప్ప కూడా వేయకుండా. నేను ఆయన్ని ఎందుకు గౌరవిస్తానో ఇప్పటికైనా మీకు అర్థమై ఉంటుంది.

"నీకు ఇంకేమైనా కావాలా అమ్మా?" అని అధ్యక్షురాలు పోశవ్వను అడిగారు.

"గా చెట్టు కింద గూసోని బువ్వ దింటం."

"చూశారా, మమేకం!" అని ఆవిడ తన సంఘం వైపు తిరిగారు. మేస్త్రీ పక్కకు తప్పుకున్నాడు.

ఆడవాళ్లు ఉసిరి చెట్టు కింద గుండ్రంగా కూర్చున్నారు. గిన్నెల మూతలు తీశారు. పోశవ్వ మొదటి ముద్ద చెట్టు మొదట్లో పెట్టి, రెండో ముద్ద తాను తింది. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది. జంగయ్యను కూడా పిలిచారు. వాడు గేటు వదిలి వచ్చి సిగ్గుపడుతూ కూర్చున్నాడు. నాకు కూడా పెట్టారు. పప్పు, చింతకాయ పచ్చడి. అంత రుచిగా ఈమధ్య నేనేం తినలేదు.

పురస్కారం మాకే ప్రకటించారు. సంఘం వెళ్లిపోగానే విరూపాక్షం గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. "కలుపు ఉన్నంతకాలం ప్రతి ఆదివారం లారీ బస్తీకి వెళ్తుంది. కలుపు పూర్తిగా తొలగిన నాడు ఈ సదుపాయం రద్దవుతుంది." ఆడవాళ్లు అది విని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చేతులు కడుక్కుని మళ్లీ పనిలోకి దిగారు.

ప్రకటనకు ఇంకో ఫొటో కావాలని నేను కెమెరా పట్టుకుని వాళ్ల వెనకే వెళ్లాను. పోశవ్వ గొంతుకూర్చుని తుంగ పీకుతోంది. పీకి, మట్టి దులిపి, ఆకు గంపలో వేస్తోంది. వేరున ఉన్న గడ్డను మాత్రం తుంచి, బొటనవేలితో మళ్లీ నేలలోకి నొక్కి, పైన మట్టి కప్పుతోంది. పక్కన సాయమ్మ అదే చేస్తోంది. వరస అంతా అదే చేస్తోంది.

పోశవ్వ తలెత్తి నన్ను చూసింది. చెయ్యి ఆగింది.

"ఫోటో దీస్తున్నవా బిడ్డా?"

"లేదవ్వా" అన్నాను. "బ్యాటరీ అయిపోయింది."

బ్యాటరీ నిండుగానే ఉంది. ఆవిడ నవ్వి ఇంకో గడ్డ నొక్కింది.

దూరం నుంచి విరూపాక్షం గారు గొంతెత్తి అడిగారు. "కలుపు అయిపోవచ్చిందా అమ్మా?"

"యాడయితది సారూ, మస్తుగున్నది!" అని పోశవ్వ అరిచింది. "పై ఆదివారం మనుమలను, మనుమరాండ్లను గూడ దోల్కొస్తం!"

"ఎంత బాధ్యత!" అని ఆయన పొంగిపోయి, ఆ మాట ప్రకటనలో తప్పకుండా పెట్టమన్నారు. పెట్టాను. పచ్చదనం గురించి కూడా ఒక వాక్యం ఎక్కువే రాశాను.